వెన్న నిల్వ: ఎన్నాళ్లు ఉంటుంది, చెడిందని ఎలా తెలుస్తుంది?

మే నెలలో ఉదయం చిలికి తీసిన వెన్న ముద్ద, వంటింటి అరుగు మీద అలాగే వదిలేస్తే, మధ్యాహ్నానికి ముద్దగా ఉండదు. గిన్నె అడుగున కాస్త పాలనీళ్లు, పైన తేలే నూనె కనిపిస్తాయి. పాల కొవ్వు 35 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూగా పూర్తిగా కరిగిపోతుంది. విజయవాడలోనో రామగుండంలోనో ఎండాకాలపు వంటిల్లు అంతకంటే వేడిగానే ఉంటుంది. చలి దేశాల వంట పుస్తకాల్లో వెన్నను ఒకటి రెండు రోజులు బల్ల మీదే ఉంచవచ్చునని రాసి ఉంటుంది. అక్కడి గదిలో 20 డిగ్రీల వేడి ఉంటుంది కనుక అది అక్కడ నిజమే. ఆ సలహాను మన వేసవికి వర్తింపజేస్తే వెన్న దక్కదు.

కరిగినంత మాత్రాన వెన్న చెడినట్టు కాదు. అయితే ఒకసారి కరిగిన వెన్న మళ్లీ గట్టిపడినా మునుపటి వెన్న కాదు. ఎందుకో తెలియాలంటే వెన్న నిర్మాణాన్ని కొద్దిగా అర్థం చేసుకోవాలి.

వెన్నలో నీరే చెడుకు నెలవు

పాలలోను, మీగడలోను కొవ్వు చిన్న చిన్న బిందువులుగా నీటిలో తేలుతూ ఉంటుంది. కవ్వంతో చిలికినప్పుడు ఆ బిందువుల చుట్టూ ఉన్న పలుచని పొరలు చిరిగి, కొవ్వు ఒకదానికొకటి అతుక్కుంటుంది. అప్పుడు వ్యవహారం తలకిందులవుతుంది. అంతవరకు నీటిలో కొవ్వు ఉండేది, ఇప్పుడు కొవ్వులో నీటి బిందువులు చిక్కుకుంటాయి. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం పొట్లాల్లో అమ్మే టేబుల్ బటర్‌లో పాల కొవ్వు కనీసం 80 శాతం ఉండాలి, నీరు 16 శాతానికి మించరాదు, ఉప్పు 3 శాతానికి మించరాదు. ఉప్పు కలపని తెల్ల వెన్నకు కొవ్వు కనీస పరిమితి 76 శాతం.

శుద్ధమైన కొవ్వు మీద సూక్ష్మజీవులు బతకలేవు. వాటికి నీరు కావాలి, చక్కెర, మాంసకృత్తులు కావాలి. వెన్నలో ఇవన్నీ ఆ చిన్న నీటి బిందువుల్లోనే ఉంటాయి. యంత్రంలో బాగా మర్దించిన వెన్నలో బిందువుల కొలత మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతులు మాత్రమే. ఒక బిందువులో చిక్కిన బ్యాక్టీరియా అక్కడ ఉన్న కాస్త ఆహారమూ తినేశాక, చుట్టూ ఉన్న కొవ్వు గోడను దాటి పక్క బిందువుకు పోలేదు. వెన్న కరిగితే ఈ గోడలు కూలిపోతాయి. బిందువులన్నీ కలిసి గిన్నె అడుగున ఒకే మడుగవుతాయి. సూక్ష్మజీవులకు అంతకంటే కావలసింది లేదు. కరిగి గట్టిపడిన వెన్నను దాచిపెట్టకుండా ఆ రోజే కాచి నెయ్యి చేసుకోమనడానికి కారణం ఇదే.

ఉప్పు చేసే మేలు కూడా ఇక్కడే అర్థమవుతుంది. 100 గ్రాముల వెన్నలో 2 గ్రాముల ఉప్పు అంటే పెద్దగా కనిపించదు. కానీ ఉప్పు కొవ్వులో కరగదు, మొత్తం ఆ 16 గ్రాముల నీటిలోకే చేరుతుంది. అంటే ఆ బిందువుల్లో ఉప్పు గాఢత 11 శాతం దాకా ఉంటుంది. సముద్రపు నీటి ఉప్పదనానికి ఇది మూడు రెట్లు. అందుకే ఉప్పు వెన్న ఎక్కువ కాలం ఆగుతుంది, ఇంటి వెన్న ఆగదు. పైగా ఇంట్లో చేత్తో ముద్ద చేసిన వెన్నలో నీటి బిందువులు పెద్దవి, వాటిలో మిగిలిన మజ్జిగ ఎక్కువ.

పులుపు వేరు, చెడు వేరు

ఇంటి వెన్న విషయంలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పెరుగును చిలికి తీసిన వెన్నకు కొద్దిపాటి పులుపు సహజం. పాలను తోడుపెట్టే బ్యాక్టీరియా తయారుచేసే లాక్టిక్ ఆమ్లం వల్ల పులుపు, డైఎసిటైల్ అనే పదార్థం వల్ల కమ్మని వాసన వస్తాయి. వెన్న వాసన అని మనం గుర్తుపట్టేది చాలావరకు ఈ రెండో దానినే. పట్నంలో పొట్లాల వెన్నకు అలవాటుపడినవారు ఊరి నుంచి వచ్చిన వెన్నను చెడిందని పారబోయడమూ ఉంది, నిజంగా చెడిన వెన్నను 'పెరుగు వెన్న కదా, అలాగే ఉంటుంది' అని వాడేయడమూ ఉంది.

తాజాదనం అంటే ఏమిటన్న దానిమీద నాలుకకు అలవాటే పెత్తనం చేస్తుందని చెప్పడానికి మన పాడి పరిశ్రమ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. గుజరాత్‌లోని ఆనంద్ సహకార సంఘం వెన్న తయారుచేసి బొంబాయికి పంపిన తొలి రోజుల్లో, అప్పటికే పోల్సన్ వెన్నకు అలవాటుపడిన అక్కడి కొనుగోలుదారులకు అది చప్పగా తోచిందని వర్గీస్ కురియన్ తన ఆత్మకథలో చెప్పారు. పోల్సన్ వెన్న నిల్వ ఉంచి పులియనిచ్చిన మీగడతో చేసినది, ఆనంద్ వెన్న తాజా మీగడతో చేసినది. చివరికి తాజా వెన్నే పాత వెన్న రుచికి కొంత దగ్గర కావలసి వచ్చింది.

ఇక నిజమైన చెడు ప్రధానంగా రెండు దారుల్లో వస్తుంది. రెండింటి వాసనలూ వేరు.

మొదటిది కొవ్వు విరిగిపోవడం. లైపేజ్ అనే ఎంజైములు కొవ్వు అణువును ముక్కలు చేసి అందులోని ఆమ్లాలను విడిపిస్తాయి. పాల కొవ్వులో బ్యుటిరిక్ ఆమ్లం 3 నుంచి 4 శాతం వరకు ఉంటుంది. కొవ్వులో బంధింపబడి ఉన్నంతకాలం దానికి వాసన లేదు. విడిపోయిందంటే కొద్దిపాటి మోతాదు చాలు, పసిపిల్లలు కక్కిన పాల వాసన గుప్పుమంటుంది. 19వ శతాబ్దం తొలి దశకాల్లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ దీనిని వెన్న నుంచే వేరుచేశాడు. ఆ ఆమ్లం పేరులో ఉన్నది కూడా వెన్నకు లాటిన్‌లో ఉన్న మాటే. పాలు కాచినప్పుడు పాలలో సహజంగా ఉండే లైపేజ్ నశిస్తుంది. కానీ చల్లని చోట పెరిగే కొన్ని బ్యాక్టీరియాలు తయారుచేసే లైపేజ్ మాత్రం ఆ వేడికి కూడా పూర్తిగా చావదు. పచ్చిపాలను ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచి తరువాత కాచి, ఆ మీగడతో తీసిన వెన్న త్వరగా చెడేది అందుకే.

రెండవది ఆక్సీకరణ. దీనికి సూక్ష్మజీవులు అక్కరలేదు. గాలి, వెలుతురు చాలు. పాలలో ఉండే రైబోఫ్లావిన్ అనే విటమిన్ వెలుతురును పీల్చుకుని ఈ చర్యను ఎగదోస్తుంది. రాగి, ఇనుము లవలేశం తగిలినా వేగం పెరుగుతుంది. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో వెన్న పెట్టకూడదని పెద్దలు అనేదానికి ఇక్కడ గట్టి ఆధారమే ఉంది. ఆక్సీకరణ చెందిన వెన్నకు కక్కిన పాల వాసన రాదు. తడిసిన అట్టపెట్టె వాసన, ఆ తరువాత దీపపు కుందెకు అంటుకున్న పాత నూనె వాసన వస్తుంది. నాలుక మీద గరగరలాడుతూ చివరన చేదు తగులుతుంది.

ఈ రెండూ కాక బూజు ఒకటి. తడి మూతకు, పొట్లం మడతలకు ముందు పట్టి, వెన్న మీద నల్లగానో పచ్చగానో చుక్కలుగా కనిపిస్తుంది. పైపొర గీకి మిగతాది వాడుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. గట్టి పదార్థాల సంగతి వేరు. వెన్న మెత్తనిది, కంటికి కనిపించని బూజు పోగులు లోపలికి పోయి ఉండవచ్చు. ముద్ద మొత్తం పారవేయడమే సరైనది.

గుర్తుపట్టే తీరు

ముందు కత్తితో ముద్దను నిలువుగా కోసి చూడండి. పైపొర ముదురు పసుపుగా, లోపల లేత రంగుగా ఉంటే పైభాగం గాలికి ఆరి, ఆక్సీకరణ మొదలైందని అర్థం. లోపలి భాగం రుచి చూసి, బాగుంటే పైపొర తీసివేసి త్వరగా వాడుకోవచ్చు. గేదె వెన్న తెల్లగా ఉంటుంది కనుక ఈ తేడా అంత స్పష్టంగా కనిపించదు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది అదే కాబట్టి రంగుకంటే వాసననే నమ్ముకోవాలి.

ఫ్రిజ్ నుంచి తీసిన చల్లని వెన్నలో వాసన తెలియదు. బఠాణీ గింజంత తీసుకుని అరచేతి వెనుక రుద్ది, శరీరం వేడికి కరిగాక వాసన చూడాలి. ఇంకా సందేహం ఉంటే ఒక చెంచా వెన్నను చిన్న గరిటెలో వేడిచేయండి. మంచి వెన్న కాగుతుంటే కమ్మదనం హెచ్చుతుంది, చెడినదైతే కంపు హెచ్చుతుంది.

పులుపా, చెడా అన్న సందేహానికి నీళ్లే తీర్పు చెబుతాయి. కాచి చల్లార్చిన నీటిలో వెన్నను రెండు మూడుసార్లు పిసికి కడగండి. లాక్టిక్ ఆమ్లం మజ్జిగతోపాటు నీటిలోకి పోతుంది కనుక పులుపు తగ్గిపోతుంది. కొవ్వే చెడి ఉంటే ఎన్ని నీళ్లు మార్చినా ఆ వాసన వదలదు.

ముద్ద మీద నీటి చుక్కలు చెమటలా కనబడితే అది చెడు కాదు, సరిగా మర్దించకపోవడం లేదా ఒకసారి మెత్తబడి మళ్లీ గట్టిపడడం. జిగురు, తీగలాగడం, గులాబీ లేదా నల్లని మచ్చలు కనిపిస్తే మాత్రం రుచి చూడవలసిన పనే లేదు.

మీగడ దగ్గరే మొదలు

ఇంటి వెన్న ఎన్నాళ్లు ఉంటుందన్నది చిలికిన తరువాత కాదు, మీగడ పోగుచేసేటప్పుడే నిర్ణయమవుతుంది. వారం రోజుల మీగడను ఒక డబ్బాలో ఫ్రిజ్‌లో దాచి, ఆదివారం తోడువేసి చిలికే ఇళ్లలో తరచు వచ్చే ఫిర్యాదు ఒకటే: వెన్న చేదుగా ఉంది. తోడు పడని మీగడలో చల్లదనాన్ని ఇష్టపడే బ్యాక్టీరియాలు తీరికగా పెరిగి, మాంసకృత్తులను విరిచి చేదును తెస్తాయి. విరుగుడు సులువు. మొదటి రోజు మీగడ వేసేటప్పుడే డబ్బాలో ఒక చెంచా మంచి పెరుగు కలపాలి. ఆ పులుపు తక్కినవాటిని అణచి ఉంచుతుంది. తరువాతి రోజుల మీగడను పూర్తిగా చల్లారాకనే చేర్చాలి. వారానికి మించి పోగుచేయాలంటే డబ్బాను ఫ్రీజర్‌లో పెట్టడం మంచిది.

చిలికేటప్పుడు పెరుగు చల్లగా, 12 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటే వెన్న గింజలుగా విడివడుతుంది. వేసవిలో చల్లని నీళ్లో, మంచు ముక్కలో వేయడం అందుకే. వెచ్చగా చిలికితే వెన్న జిడ్డుగా సాగి, మజ్జిగను లోపలే బంధిస్తుంది. ఎంత మజ్జిగ మిగిలితే అంత త్వరగా చెడుతుంది. తీసిన వెన్నను నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, గట్టిగా పిసికి, చేతనైనంత నీటిని పిండివేయాలి. కడగడానికి కాచి చల్లార్చిన నీరే వాడాలి. కాచిన పాలతో చేసిన వెన్నకు బయటినుంచి సూక్ష్మజీవులు చేరేది చేతులు, కవ్వం, నీళ్లు అనే మూడు దారుల్లోనే.

ఇలా చేసిన ఉప్పులేని వెన్న మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో వారం పదిరోజులు బాగుంటుంది. ఫ్రిజ్ తలుపులో వెన్న కోసమని ప్రత్యేకంగా ఇచ్చే అర రోజువారీ వాడకానికి మాత్రమే పనికివస్తుంది. తలుపు తీసినప్పుడల్లా వేడిగాలి తగిలేది దానికే. నిల్వ వెన్న లోపలి అరలో, వెనకవైపు ఉండాలి. కొవ్వు చుట్టుపక్కల వాసనలను ఇట్టే పీల్చుకుంటుంది. కోసిన ఉల్లిపాయ, చేప ఉన్న ఫ్రిజ్‌లో మూత లేని వెన్న చెడకుండానే తినరానిదవుతుంది.

ఫ్రీజర్‌లో అయితే ఆరు నెలల వరకు ఉంచవచ్చు. ముద్ద మొత్తం ఒకేచోట కాక, ఒక్కోసారికి సరిపడా భాగాలుగా చేసి, గాలి చొరబడకుండా చుట్టి పెట్టాలి. బయటికి తీసిన భాగాన్ని ఫ్రిజ్‌లోనే మెత్తబడనిచ్చి వాడాలి, మళ్లీ ఫ్రీజర్‌కు పంపకూడదు. పొట్లం వెన్నకు ముద్రించిన గడువు దానిని విప్పనంతవరకే, అదీ చెప్పిన చల్లదనంలో ఉంచితేనే. రోజుకు నాలుగైదు గంటలు కరెంటు పోయే ఊళ్లో ఆ తేదీని అక్షరాలా నమ్మనవసరం లేదు. అసలు రంగు వెండి కాగితం చాలామంది విప్పగానే పారేస్తారు గాని, వెలుతురును అడ్డేది అదే. మిగిలిన వెన్నను దానితోనే చుట్టి డబ్బాలో పెట్టడం మేలు.

ఫ్రిజ్ లేనప్పుడు

వెన్నను నీళ్లలోనో పలుచని చల్లలోనో ముంచి మట్టి చట్టిలో ఉంచి, ఉట్టి మీద పెట్టడం తెలుగు పల్లెల్లో పాత పద్ధతి. ఇందులో శాస్త్రం ఉంది. నీరు గాలిని అడ్డుతుంది, మట్టిపాత్ర గోడల నుంచి తడి ఆరుతూ లోపల చల్లబరుస్తుంది, చల్లలోని పులుపు కొన్ని బ్యాక్టీరియాలను ఆపుతుంది. అయితే దీని శక్తి ఒకటి రెండు రోజులే, అది కూడా నీళ్లు రోజూ, వేసవిలో పూటపూటకూ మారిస్తేనే. మార్చని నీరు వెన్నను కాపాడదు, పైగా చెడగొడుతుంది.

ఉపఖండంలో వెన్నను నెలల తరబడి వెన్నగానే దాచుకోగలిగింది లద్దాఖ్, టిబెట్ వంటి చలి ప్రాంతాలవారు. జంతు చర్మంలో బిగించి కుట్టి దాచిన ఆ వెన్న క్రమంగా ఘాటెక్కుతుంది. ఉప్పుతో చేసే వెన్న తేనీటిలో ఆ ఘాటు వారికి కొత్త కాదు. మైదానాలవారికి ఆ చలి లేదు. కనుక నీటినే తీసివేసే దారి పట్టారు. నెయ్యిలో తేమ అర శాతానికి మించకూడదన్నది నేటి ప్రమాణం. నీరు లేనిచోట సూక్ష్మజీవి లేదు, ఇక మిగిలే శత్రువు ఆక్సీకరణ ఒక్కటే. కాగే నెయ్యిలో వేసే కరివేపాకు, తమలపాకు, మునగాకు సువాసనకే అనుకుంటాం. వాటిలోని ఫినాలిక్ పదార్థాలు ఆక్సీకరణను కూడా కొంత ఆలస్యం చేస్తాయని పాడి పరిశోధకులు గుర్తించారు.

మరి చెడిన వెన్నను కాచి నెయ్యి చేస్తే సరిపోతుందా? ఇది ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్న. పులిసిన వెన్న అయితే నిరభ్యంతరంగా కాచుకోవచ్చు. కక్కిన పాల వాసన వచ్చే వెన్నను కాస్తే ఆవిరితోపాటు ఆ వాసనలో కొంత పోతుంది, నెయ్యి బాగున్నట్టే తోస్తుంది. విడిపోయిన ఆమ్లాల్లో అధిక భాగం, ఆక్సీకరణ వల్ల పుట్టిన పదార్థాలు మాత్రం అందులోనే ఉంటాయి. రెండు మూడు వారాల్లో ఆ నెయ్యి మళ్లీ ముక్కిపోయిన వాసన వేస్తుంది. ఇంకా పెద్ద నష్టం, దానిని మంచి నెయ్యిలో కలపడం. ఆక్సీకరణ ఒక గొలుసు చర్య. చెడిన కొవ్వు మంచి కొవ్వును తనవెంట లాక్కుపోతుంది. జాడీలో అడుగున పాత నెయ్యి ఉండగానే పైన కొత్త నెయ్యి పోసే అలవాటు ఇందుకే మంచిది కాదు. జాడీ ఖాళీ అయ్యాక వేడినీటితో కడిగి, పూర్తిగా ఆరాక నింపాలి.

ముక్కు పట్టలేనిది

చెడిన వెన్నను రుచి చూసినంతమాత్రాన ఆరోగ్యవంతులకు సాధారణంగా ముప్పు రాదు. నాలుకే దానిని ఉమ్మేయిస్తుంది. అసలు జాగ్రత్తపడవలసింది రంగు, వాసన, రుచి ఏవీ మారని వెన్న విషయంలో. 1998 చివర, 1999 మొదట్లో ఫిన్లాండ్‌లో లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకి 25 మంది జబ్బుపడ్డారు, వారిలో ఆరుగురు మరణించారు. రోగుల్లో ఎక్కువమంది అప్పటికే ఆసుపత్రిలో చికిత్స పొందుతూ రోగనిరోధక శక్తి తగ్గినవారు. దర్యాప్తులో కారణంగా తేలింది వెన్న. అది పాశ్చరైజ్ చేసిన మీగడతో చేసినదే, కాలుష్యం ఆ తరువాతి దశలో చేరింది.

లిస్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది. ఫ్రీజర్‌లో పెరగదు గాని చావదు. అది ఉన్నంతమాత్రాన వాసన రాదు. గర్భిణులకు సోకితే తల్లికి స్వల్ప జ్వరంతో పోయినా గర్భంలోని శిశువుకు ప్రాణాపాయం కావచ్చు. పచ్చిపాల మీగడతో తీసిన వెన్న ద్వారా బ్రూసెల్లోసిస్ వచ్చే అవకాశమూ ఉంది. నెలలు నిండే రోజుల్లో కాన్పు సులువవుతుందని గర్భిణికి వెన్న తినిపించే వాడుక కొన్ని ఇళ్లలో ఉంది. ఆ నమ్మకం మాట అలా ఉంచి, పెట్టేది ఏ పాల వెన్నో, ఎప్పుడు తీసినదో తెలియకపోతే పెట్టకపోవడమే మంచిది. గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు, క్యాన్సర్ చికిత్సలోనో అవయవ మార్పిడి తరువాతో ఉన్నవారికి వెన్నకు బదులు నెయ్యి ఇవ్వవచ్చు. వెన్న కాగి నెయ్యి అయ్యేలోపు వేడి 100 డిగ్రీలు దాటుతుంది, ఈ రెండు బ్యాక్టీరియాలూ అంతకు చాలా ముందే చస్తాయి.

పారవేయాలని నిర్ణయించిన వెన్నను సింకులో పోయకూడదు. వేడినీటితో పోసినా గొట్టం మలుపు దగ్గర చల్లబడి గడ్డకడుతుంది. కాగితంలో చుట్టి తడిచెత్తలో వేయాలి. ముక్కిపోయిన నెయ్యి అయితే తలుపు బందులకు, కత్తిపీట తుప్పు పట్టకుండా పూయడానికి కొన్నాళ్లు పనికివస్తుంది. దీపానికి వాడుకోవచ్చు కదా అంటే వెలగడానికి అది వెలుగుతుంది గాని, తినడానికి పనికిరానిది దేవుడి ముందు పెట్టడానికి చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఒప్పుకోరు.